రెండో రాణి బొట్టు

కొబ్బరినూనె, తెల్లపొడి, మైనం, కుంకుమ. ఈ నాలుగూ మూత బిగించిన రేకు పెట్టెలో ఏళ్ళ తరబడి కలిసి కాపురం చేస్తే పుట్టే వాసన ఒకటుంది. మొన్న బూర్గంపాడులో ఒక బడి పండగకు మా నాటకం పెట్టించారు. పూర్తి నాటకం కాదు లెండి. "అరగంటలో ముగించండి మేడం, తర్వాత పిల్లల డాన్సులున్నాయి" అన్నారు. వేషాలు వేసుకోవడానికి నాలుగో తరగతి గది ఇచ్చారు. నల్లబల్ల మీద ఎవరో తీసివేతలు సగం చేసి వదిలేశారు. బెంచీ మీద అద్దం నిలబెట్టి పెట్టె మూత తీశానో లేదో, ఆ వాసన గుప్పున కొట్టింది. ఎవరో వెనక నిలబడి, "ఏందే, పెండ్లికి తయారైతున్నవా, రాజ్యం పోగొట్టుకోనీకి తయారైతున్నవా? జల్దీ కానీ!" అన్నట్టయింది. వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే తిరిగి చూశాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

ఆ పలకరింపు అనసూయమ్మది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. సినిమాల్లో వేయలేదు, టీవీలో రాలేదు. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, ఇటు నేలకొండపల్లి, అటు సత్తుపల్లి, పందిరి వేసి మైకు కట్టిన ఊరు ఏదైనా సరే, "ఒకటో రాణి అనసూయమ్మేనా?" అని అడిగి మరీ జనం ట్రాక్టర్లెక్కి వచ్చిన రోజులుండేవి. నన్ను మనిషిని చేసింది ఆమే. అయితే మీరు అనుకునే పద్ధతిలో కాదు. ప్రేమగా చేరదీసి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన గురువుల కథలు వింటుంటాను. వాళ్ళ అదృష్టం వాళ్ళది. నాకు దొరికిన మనిషి ఒక్క ముక్క నేర్పలేదు.

పద్యనాటకాలు చూడని వాళ్ళకు ముందు ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర పెద్ద వేషాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే వేయరు. సగం ఒకరు, సగం ఇంకొకరు. మా నాటక సమాజం వాళ్ళు సొంతంగా రాయించుకున్న నాటకంలో ఒక రాణి ఉంటుంది. శత్రువులు కోట ముట్టడిస్తే పసిబిడ్డను దాది చేతికిచ్చి పంపేసి, తను అడవి పట్టిపోతుంది. అక్కడి దాకా ఒకటో రాణి. తర్వాత ఆమె ఎవరింట్లోనో వడ్లు దంచుకుని బతుకుతుంటే, పెరిగి పెద్దయిన కొడుకు అక్కడికే వచ్చి, తల్లిని గుర్తుపట్టక, "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతాడు. అక్కడ రెండో రాణి. పట్టుచీర, కిరీటం ఒకటో రాణివి. చింకిచీర, రోకలి రెండో రాణివి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా నాటకంలో ఇమడాలి, జనం వచ్చేదే ఆ కత్తుల్ని చూడటానికి. ఏ రాణి పద్యానికి "వన్స్ మోర్" అని అరిచారు, ఏ రాణికి ఊరుకున్నారు అన్నదే మర్నాడు టీకొట్ల దగ్గర మాట.

మనిషి మారినా రాణి మారలేదని చూసేవాళ్ళకు తెలియాలి కదా, అందుకని మా సమాజంలో ఒక ఆచారం ఉండేది. ఒకటో రాణి తన భాగం ముగించుకుని తెర పక్కకు వస్తుంది. అక్కడ రెండో రాణి ఉత్త నుదురుతో, గడ్డం పైకెత్తి నిలబడి ఉంటుంది. ఒకటో రాణి తన నుదుటి మీది కుంకుమనే ఉంగరం వేలికి అద్దుకుని రెండో రాణి నుదుట పెడుతుంది. దాన్ని వేషం అప్పగింత అనేవాళ్ళం. ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత పగ ఉన్నా సరే, ఆ ఒక్క క్షణం ఒకరి ముఖం ఒకరు ముట్టుకోక తప్పదు.

నేను చేరేనాటికి అనసూయమ్మకు యాభై దాటాయి. మాది బూర్గంపాడు పక్క పల్లె. ఇంటిల్లిపాదీ మిరపతోటల్లో కూలికి పోయేవాళ్ళం. కాయ ఏరుతూ నేను పాడుతుంటే, చేనుగల వాళ్ళింటికి చుట్టపుచూపుగా వచ్చిన హార్మోనియం మాస్టారు విన్నాడు. సమాజాన్ని నడిపేది ఆయనే. "పిల్లా, మా దగ్గరకు వస్తవా? రెండో రాణి జాగ ఖాళీగ ఉన్నది" అన్నాడు. మా అమ్మ నోరు నొక్కుకుంది. దీనికి ముందు కోపం పుట్టి తర్వాత ఇది పుట్టింది, దీన్ని నాటకాల్లోకి ఎట్ల పంపుతాం అంది. నిజమే, నాకు ముక్కు మీద కోపం. అందుకే వెళ్ళాను, వద్దన్నారని.

రెండో రాణి జాగ ఎందుకు ఖాళీ అయిందో తర్వాత తెలిసింది. అంతకుముందు ఆ వేషం వేసింది సుగుణమ్మ అనే ఆవిడ. అనసూయమ్మతో సమానంగా, ఒక్కోసారి ఒక మెట్టు పైగా ఆడేదట. వేషం అప్పగింత తప్పితే ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు ఎక్కిన బండి ఇంకొకరు ఎక్కేవాళ్ళు కాదు. ఒకరు తిన్న వంట ఇంకొకరు తినేవాళ్ళు కాదు. కొడుక్కి సత్తుపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం వచ్చాక, అమ్మ వేషాలు వేస్తే పరువు తక్కువన్నాడని సుగుణమ్మ మానేసింది. "పీడ పోయింది" అని అనసూయమ్మ సంబరపడుతుందని అందరూ అనుకున్నారట. ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదని మాస్టారు చెప్పాడు. ఆ తర్వాత ఎందరో రెండో రాణులు వచ్చారు, పోయారు. ఒక్కరూ నిలబడలేదు.

మొదటిరోజు ఆమె కాళ్ళకు మొక్కాను. "అమ్మా, నాకు నేర్పండి" అన్నాను.

"అమ్మ గిమ్మ ఏం లేదు. అనసూయమ్మ అను," అంది. అద్దంలోంచే నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏందీ, నేర్పాల్నా?"

"అవ్."

"నేర్పితే నా లెక్కనే ఆడతవ్. నా లెక్క ఆడేటోళ్ళు నాకెందుకే? నేను లేనా? నాకు పోటీ గావాలె. చాతనైతే నా దగ్గర దొంగిలించు. నేర్చుకున్నోళ్ళు శిష్యులైతరు. దొంగిలించినోళ్ళు పోటీ అయితరు. పో, పోయి చీర కట్టుకో."

ఏం మనిషమ్మా అనుకున్నాను. కానీ ఆ మాట నాలో ముల్లులా దిగబడింది. ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒక్కటే. పేరు కాదు, దండలు కాదు. ఆ ముసలావిడ ఒక్కసారి నా వైపు చూసి, ఇది నాకు పోటీ అని ఒప్పుకోవాలి. అంతే. ఆకలి వేసినట్టు వేసేది ఆ కోరిక.

దొంగతనం మొదలుపెట్టాను. ఆమె భాగం జరుగుతున్నంతసేపూ తెర పక్కన నిలబడేదాన్ని. పసిబిడ్డను దాది చేతికిచ్చే పద్యంలో ఆమె బిడ్డ వైపు చూసేది కాదు. చేతులు ఖాళీ అయిన తర్వాత ఆ చేతుల వైపు చూసేది. చూసి, రాగం అందుకునేది. ఆమె రాగం పందిరి గుంజల్ని పట్టుకుని ఊపేది. అంత గొంతు నాకు లేదు. చేతుల సంగతి మాత్రం మర్నాడే ఎత్తేశాను, రోకలి జారిపోయిన చేతుల వైపు నేనూ చూశాను. తెర పక్కకు రాగానే ఆమె, "దొంగముండా" అంది. తిట్టే, కానీ నాకు పాయసం తిన్నట్టుంది.

ఒక్క విషయంలో మాత్రం ఒళ్ళు మండేది. వేషం అప్పగింతప్పుడు ఆమె నాకు బొట్టు నడినుదుట పెట్టేది కాదు. కాస్త ఎడమకు జరిపి, కనుబొమ మొదలు మీద పెట్టేది. మొదటిసారి పొరపాటనుకున్నాను. రెండోసారీ అక్కడే. తన బొట్టేమో గీత గీసినట్టు నట్టనడుమ ఉండేది. అద్దంలో చూసుకుంటే నా ముఖమే వంకరపోయినట్టు కనిపించేది. ఉండబట్టలేక మాస్టారితో చెప్పాను. "చూడండి, కావాలనే నన్ను వికారంగా చేస్తున్నది." ఆయన ఏదో చెప్పబోయి, హార్మోనియం మీద దుమ్ము తుడుచుకుంటూ, "ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలే. నువ్వు కెలకకు బిడ్డా" అన్నాడు. అదేం సామెతో, దేనికి చెప్పాడో అప్పుడు అర్థం కాలేదు. ఇది పోటీ అంటే భయపడే మనిషి చేసే పనే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ వంకర బొట్టులో కూడా నాకు కావలసింది నేను చూసుకున్నానన్న మాట.

అలా ఊళ్ళు తిరుగుతుండగా ఒకసారి భద్రాచలం అవతల అడవిలో ఉన్న ఊరికి పిలిచారు. ఇప్పపూలు రాలే రోజులు. పొద్దు వాలకముందే నాటకం మొదలుపెట్టాం. కూర్చున్న వాళ్ళలో చాలామందికి ఇంటి భాష వేరు. తెలుగు తెలుసు కానీ మా పద్యాల్లో ఉండే సంస్కృతం మాకే సగం తెలియదు, వాళ్ళకేం తెలుస్తుంది? అనసూయమ్మ రాగం తీసింది. అందరూ మర్యాదగా విన్నారు. "వన్స్ మోర్" లేదు, చప్పట్లు లేవు. ఆమె పళ్ళు కొరుక్కుంటూ వచ్చి, నాకు వంకర బొట్టు పెట్టి, "పో, ఇయ్యాల నీకూ గంతే" అంది.

కొడుకు వేషధారి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. పద్యం ఎత్తుకోవాలి. ఎదురుగా నేల మీద కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలు చూశాను. మా అమ్మ, నేను మిరపచేలో కూర్చున్నట్టే కూర్చున్నారు, మోకాళ్ళ మీద గడ్డాలు పెట్టుకుని. రాగం రాలేదు. ఇక చేసేదిలేక ఆ పద్యంలోని సంగతిని ఉత్త మాటల్లో చెప్పేశాను. "ఎవరినని చెప్పుకోను నాయనా. చెప్తే నువ్వు నమ్మవు. నమ్మితే నేను తట్టుకోలేను." అంతే అన్నాను. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, పందిట్లోకి నడిచి వచ్చి, తన దగ్గరున్న సొరకాయ బుర్రలోని నీళ్ళు నా చేతికిచ్చింది. నాటకమని ఆమెకు తెలియక కాదు. తెలిసే ఇచ్చింది. నేను ఆ నీళ్ళు తాగి, మిగతా వేషం ఆడాను.

మాస్టారు నన్ను చెరిగిపోశాడు. "పద్యాన్ని మాట లెక్క చెప్తవా? తాతలనాటి పరువు తీసినవ్ గదే!" నేను అనసూయమ్మ వైపు చూశాను. తిట్టినా చాలు, ఎగతాళి చేసినా చాలు. ఆమె మూటకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాతి ఆట సత్తుపల్లి దగ్గర. ఆట ముగిసి, నేను వేషం ఇంకా తీయకముందే ఒకావిడ తెర వెనక్కి వచ్చింది. బొద్దుగా, మంచి నేతచీరలో, చేతిలో స్టీలు టిఫిను గిన్నెతో. అందరూ లేచి నిలబడ్డారు. అనసూయమ్మ లేవలేదు. మూట తాడు ముడి విప్పుకుంటున్నదల్లా ఆ ముడిని మళ్ళీ వేయడం మొదలుపెట్టింది.

"ఇంత లావైనవేందే," అంది, తలెత్తకుండానే.

"ఇంట్లో కూర్చుంటే లావవరా? నువ్వేంటి, ఇట్టా ఎండిపోయావ్?" అంది వచ్చినావిడ. "పులిహోర తెచ్చాను. తింటావో, పారబోస్తావో నీ ఇష్టం."

"నీ చేతి వంట నేనెందుకు తింట?" అంటూనే అనసూయమ్మ గిన్నె అందుకుంది. సుగుణమ్మ ఈవిడేనని అప్పుడు తెలిసింది నాకు. దగ్గరకు వచ్చి నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది. "బాగా ఆడావే పిల్లా. బొట్టేంటి పక్కకు పెట్టుకున్నావ్?"

"నేను పెట్టుకోలేదు. ఆమె పెట్టింది. ఎప్పుడూ అక్కడే పెడతది," అన్నాను, ఫిర్యాదు చేసే అవకాశం దొరికింది కదా అని.

సుగుణమ్మ చేయి నా గడ్డం మీద అలాగే ఆగిపోయింది. అప్పుడు చూశాను ఆమె ముఖాన్ని. ముక్కు కాస్త కుడివైపుకు వాలి ఉంది. చిన్నప్పుడు పడి దెబ్బ తగిలిందట. ఆ వంకర కనపడకుండా, నుదుటి మీద బొట్టు కొద్దిగా ఎడమకు జరిపి పెట్టుకుంది. ఆ ముఖానికి అది ఎంత చక్కగా అతికిందంటే, నడుమ పెడితేనే తప్పనిపించేది. "ఇది నా బొట్టు కదే" అంది సుగుణమ్మ మెల్లగా, నాతో కాదు. అనసూయమ్మ గిన్నె మూత తీయడానికి అవస్థ పడుతున్నట్టు నటిస్తోంది. అంత పెద్ద నటి, ఆ మూత దగ్గర దొరికిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. రెండూ కలిసి వస్తే ఏం చేయాలో తెలియక ముఖానికి కొబ్బరినూనె పులుముకుని కూర్చున్నాను. పగతో పెట్టినా బాగుండేది. పగ అయితే నా మీద కదా! ఇన్నాళ్ళూ ఆమె ఎదురుగా నేను గడ్డమెత్తి నిలబడితే, ఆమె వేలు నా నుదుటి మీదికి రాలేదు. సుగుణమ్మ నుదుటి మీదికి వెళ్ళింది. నా ముఖం వాళ్ళిద్దరి మధ్య అడ్డంగా ఉన్న గోడ, అంతే. ఆ తర్వాత ఏ పందిట్లో ఎంతమంది అరిచినా, నాకు మాత్రం ఆ ఇద్దరు ఆడుకుంటున్న ఆటలో నేను ఒక ఖాళీ జాగా అనే అనిపించేది. అంత ఒంటరితనం నేను మిరపచేలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా ఎరగను.

మరుసటేడు అనసూయమ్మ గొంతు దెబ్బతింది. పై స్థాయికి వెళ్తే విరిగిపోయేది. దవాఖానాలో పాడొద్దన్నారు. నవమి పందిళ్ళ రోజులు, భద్రాచలంలో పెద్ద ఆట ఒప్పుకుని ఉన్నాం. మాస్టారు ఎలా చెప్పాలా అని నీళ్ళు నములుతుంటే ఆమే అంది, "ఈసారి పిల్ల ఒకటో రాణి. నేను రెండో రాణి."

ఒకటో రాణి దిగి రెండో రాణి కావడం మా సమాజంలో ఎన్నడూ లేదు. నా సంగతి చెప్పనా? నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఒప్పుకుంది, నా కాళ్ళ దగ్గరకు వచ్చింది అనుకున్నాను. ఆ రోజు పట్టుచీర కట్టి, కిరీటం పెట్టి, నా బొట్టు నేనే పెట్టుకున్నాను. ఎక్కడ పెట్టానో తెలుసా? ఎడమకు జరిపి. ఆమెను ఉడికించాలని. నా భాగం ఆడాను. చేతుల వైపు చూశాను, రాగం తీశాను. రెండుసార్లు అడిగించుకుని పాడాను. ఒళ్ళంతా గాల్లో తేలుతూ తెర పక్కకు వచ్చాను.

ఆమె చింకిచీరలో, ఉత్త నుదురుతో, గడ్డమెత్తి నిలబడి ఉంది. నా కుంకుమ వేలికి అద్దుకున్నాను. అంతదాకా ఆమె ముఖాన్ని నేను ముట్టుకున్నది లేదు. చర్మం పల్చగా, జ్వరంతో వేడిగా ఉంది.

"ఏందే, గెలిచినవనుకున్నవా?" అంది.

నేను నా నుదుటి మీద ఎక్కడుందో అక్కడే, ఎడమకు పెట్టాను. ఆమె వేలితో తడుముకుంది. ఆ బొట్టు ఎవరిదో ఆమెకు నేను చెప్పాలా? ఒక్కసారి కళ్ళు మూసి తెరిచి, పందిట్లోకి వెళ్ళిపోయింది.

కొడుకు "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు. జనం రాగం కోసం చెవులు రిక్కించారు. ఆమె రాగం తీయలేదు. చాలాసేపు ఊరుకుంది. ఎంతసేపంటే మాస్టారు కంగారుపడి శ్రుతి అందించబోయాడు. అప్పుడు, పక్కింటి మనిషితో చెప్పినట్టు, ఆ విరిగిన గొంతుతో అంది. "ఎవరినని చెప్పుకోను నాయనా. చెప్తే నువ్వు నమ్మవు. నమ్మితే నేను తట్టుకోలేను."

నా మాటలు. అడవిలో, రాగం రాక నేను అన్న మాటలు, అక్షరం పొల్లుపోకుండా. పందిట్లో ఒక్కరూ "వన్స్ మోర్" అనలేదు. మళ్ళీ ఒకసారి అనమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నన్ను, నా కిరీటాన్ని, నా రాగాన్ని ఆ రోజు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆఖరున వచ్చేది రెండో రాణే, ఇళ్ళకు వెళ్ళేటప్పుడు జనం కళ్ళల్లో ఉండేది ఆమే. ఆ సంగతి తెలిసే ముసలావిడ కిందికి దిగింది. తెర పక్కకు వచ్చి నా భుజం పట్టుకుని ఆయాసపడుతూ, "ఇయ్యాల సుగుణను ఓడగొట్టిన" అంది. ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగులో నా పేరు లేదు. నేను ఆమెకు మంచినీళ్ళిచ్చి పక్కకు జరిగాను.

అదే ఆమె ఆఖరి ఆట. బూర్గంపాడులో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. మాస్టారు ఇద్దరు రాణుల పద్ధతి తీసేశాడు. ఇద్దరిని పోషించే రోజులు పోయాయి, రెండు సగాలూ నేనే వేసేదాన్ని. ఒకరోజు ఆ ఊళ్ళోనే పగటిపూట ఆట పడింది. ముగియగానే ముఖం కూడా కడుక్కోకుండా, వేషం బొట్టుతోనే ఆమె గదికి వెళ్ళాను. మంచానికి అతుక్కుపోయి ఉంది. నులకలోంచి ఒక పోగు లాగుతూ అడిగింది.

"ఏ సగం ఏసినవ్?"

"రెండూ నేనే."

"మరి పోటీ?"

"ఎవరూ లేరు."

"అయ్యో," అంది.

ఆమె నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. మా నాన్న పోయాడని చెప్పినప్పుడు కూడా అనలేదు. నా కోసం ఆమె జాలిపడింది ఆ ఒక్కసారే, దానికే. తర్వాత నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసింది. నా నుదుటి వైపు కళ్ళు చిట్లించి చూసింది.

"ఏందే, ఇంకా పక్కకే పెట్టుకుంటున్నవా? సుగుణ ముక్కు వంకర. నీ ముక్కు సక్కగనే ఉన్నది గద." బొటనవేలితో ఆ బొట్టు తుడిచేసింది. తుడిచిన కుంకుమనే ఉంగరం వేలికి అద్దుకుని, నేను గడ్డం ఎత్తితే, నట్టనడుమ పెట్టింది. చేయి దించకుండానే అంది. "భద్రాద్రిల చెప్పిన గా మాటలు... నీ దగ్గర దొంగిలించిన. తెలుసా?"

"తెలుసు."

"మరి అడగలేదేంది?"

"దొంగ దగ్గరికి పోయి దొంగతనం గురించి అడుగుతారా?"

నవ్వింది. నవ్వు దగ్గుగా మారి, దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాస్తూ కూర్చున్నాను. ఆమె నా దగ్గర దొంగిలించింది. దొంగిలించినోళ్ళు ఏమవుతారో మొదటిరోజే చెప్పింది కదా. ఏళ్ళ తరబడి నేను కాసుకు కూర్చున్న మాట ఆ మంచం పక్కన నాకు అందింది. అందేసరికి పోటీ పడటానికి ఆమెకు ఊపిరి లేదు.

ఆ వానాకాలంలోనే పోయింది. కబురు విని సత్తుపల్లి నుంచి సుగుణమ్మ వచ్చింది. బొట్టు అదే చోట, ఎడమకు. శవం దగ్గర కూర్చుంది, ఏడవలేదు. చివరికి, "ఎప్పుడూ అంతే. ముందు తనే వెళ్ళాలి" అని గట్టిగా తిట్టి, కొంగు ముఖానికి కప్పుకుంది.

మొన్న ఆ బడి పందిట్లో ఒకటో రాణి భాగం ముగించుకుని తెర పక్కకు వచ్చాను. పట్టుచీర మీద చింకిచీర చుట్టుకోవాలి, కిరీటం తీయాలి, రోకలి అందుకోవాలి. పక్కన డాన్సు పిల్లలు గోలగోలగా వరస కడుతున్నారు. ఎవరో "మేడం, తొందరగా" అన్నారు. అన్నీ గబగబా చేసుకున్నాను. బొట్టు నా నుదుటి మీదే ఉంది, నట్టనడుమ, దాన్ని ఎవరూ ఎక్కడికీ అప్పగించనక్కర్లేదు. అయినా పందిట్లోకి అడుగు పెట్టే ముందు ఎప్పుడూ జరిగేదే మళ్ళీ జరిగింది. కాళ్ళు ఆగాయి. కళ్ళు మూతపడ్డాయి. గడ్డం దానంతటదే పైకి లేచింది. కాసేపు అలాగే నిలబడ్డాను. నుదుటి మీదికి ఏ వేలూ రాలేదు. "ఎవరమ్మా నువ్వు?" అని పందిట్లోంచి కొడుకు పిలుస్తున్నాడు. వెళ్ళాను.